గార్లదిన్నె వైపు తిప్పిన కారు

అనంతపురంలో మా విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన అధ్యాపకులకు ఒక కథ చెబుతారు. కొన్నేళ్ల కిందట మన విద్యార్థులు కెన్యాకు వెళ్లి, అక్కడి విద్యార్థులు ఇక్కడికి వచ్చి చదువుకునే కార్యక్రమం ఒకటి దాదాపు ఖాయమైందట. బెళుగుప్ప దగ్గరి పల్లెలో జనం సహకరించకపోవడం వల్లా, అక్కడి ఏర్పాట్లు చూసిన మేడమ్‌కు అనుభవం చాలకపోవడం వల్లా ఆఖరులో చెడిపోయిందట. క్యాంటీన్‌లో టీ తాగుతూ చెబుతారు. అలాంటి పనికి దరఖాస్తు పెట్టాలనుకునేవాళ్లకు హెచ్చరికగా చెబుతారు. ఆ కథలో నేనూ ఉంటాను, చివరిదాకా పాటుపడిన పెద్దమనిషిగా.

ఆ కథ నిజం కాదు. పల్లెవాళ్లు సహకరించారు. ఆ మేడమ్ చేయవలసిందంతా చేసింది. చెడగొట్టినవాణ్ని నేను. నోటితో ఒకసారి ఒప్పుకున్నాను గాని, నోటిమాట గది దాటి ఎంత దూరం పోతుందో, పోయేలోపు ఎన్ని రూపాలు మారుతుందో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

విదేశీ అధ్యయన కార్యక్రమాలు రూపొందించే అధ్యాపకులకు నిధులిస్తామని విశ్వవిద్యాలయం ప్రకటించినప్పుడు అది దేనికో మాలో చాలామందికి అర్థం కాలేదు. పిల్లల విమానం టికెట్లకు కాదు ఆ డబ్బు. పిల్లలు బయలుదేరకముందు జరగవలసిన పనికి. ఏ దేశం, అక్కడ ఎవరితో కలిసి పాఠం చెప్పాలి, పిల్లలు ఎవరి ఇళ్లలో ఉంటారు, ఏం చూస్తారు, తిరిగొచ్చి ఏం రాస్తారు అన్నవన్నీ కుదుర్చుకోవడానికి. అవతలి విశ్వవిద్యాలయం నుంచి ఒకరిని పిలిపించుకుని మన చోటు చూపించడానికి. వచ్చినవాళ్లకు నచ్చి ఒప్పందం కుదిరితేనే తర్వాతి సంగతి.

నాది కామర్స్ విభాగం. ఆ మేడమ్ గ్రామీణాభివృద్ధి చెప్పేది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టింది. నాకంటే చాలా చిన్నది. మాట మాత్రం సూటిగా ఉండేది. కాంట్రాక్టు ఉద్యోగం, ఏటేటా పొడిగించాలి. ఆ పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టేవాళ్లలో నేనొకణ్ని. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

నిధి గురించి తెలిసిన రోజు ఆమె స్టాఫ్ రూమ్‌లో నా బల్ల దగ్గరికి వచ్చింది.

“పిల్లోళ్ళను యాడికి పిల్చుకోని పోదామనుకుంటాండారు సార్?”

“జర్మనీ అనుకుంటాండానమ్మా. కాకుంటే నెదర్లాండ్స్.”

“ఆడికి పోయి ఏం చూస్తారు? ట్రాములా?”

“చూడనీలే. చూస్తే ఏం పోయింది?”

“నేనైతే కెన్యా అంటాండా సార్. ఆడ మెట్ట జిల్లాలుండాయి. మన మాదిరే కందులు పెడ్తారు, మన మాదిరే ఆకాశం కల్ల చూస్తారు. వాన రాకుంటే వాళ్ళేం చేస్తారో మనోళ్ళు చూడల్ల, మనమేం చేస్తామో వాళ్ళు చూడల్ల.”

“కరువు చూసేకి విమానమెక్కి పోవల్లనా? బస్టాండులో దిగితే కనపడ్తాది గదమ్మా!”

గదిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కాని కదల్లేదు.

“నవ్వండి సార్. మన పిల్లోళ్ళకు ఇంటి ముందర కరువు, పాఠంలో మటుకు నైలు నది.”

దరఖాస్తులో నా పేరు పైన, ఆమె పేరు కింద పెట్టాం. సీనియర్ పేరు పైన ఉంటే బరువుగా ఉంటుందని నేనే అన్నాను. ఆలోచన ఆమెది, రాసింది ఆమె, కెన్యాలో సరైన మనిషిని వెతికి పట్టుకున్నది ఆమె. నిధి వచ్చింది. ఆ సాయంత్రం కారిడార్‌లో ఎదురుపడి, “ఇది నిలబడితే నేనూ నిలబడ్తా సార్” అంది. సంతోషంగానే అంది. అందులో ఉన్న భయం నాకు వినబడింది, పట్టించుకోలేదు.

కెన్యా ప్రొఫెసర్‌గారు మట్టి గురించి చదువుకున్న ఆవిడ. నా వయసే ఉంటుంది. వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు మా కబుర్లు అయ్యేదాకా ఓపిగ్గా విని, తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగేవారు. ఒకసారి, “వాన లేని ఏడు మీ రైతు ఇంట్లో మొదట అమ్మేది ఏమిటి?” అన్నారు. కరువు జిల్లాలో పుట్టి పెరిగి, వ్యాపారం గురించి పాఠాలు చెప్పే నాకు జవాబు తట్టలేదు. మేడమ్ వెంటనే అందుకుంది: ఎద్దులు, ఆ తర్వాత చెవి కమ్మలు. ఆవిడ నవ్వి, “మా దగ్గర మేకలు. కమ్మలు మాకూ ఆ తర్వాతే” అన్నారు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్య నేను ఊరికే కూర్చునేవాణ్ని.

మేడమ్ ప్రతి వారం బస్సెక్కి బెళుగుప్ప వైపు పల్లెకు పోయివచ్చేది. అక్కడ శెనక్కాయ, అదే వేరుశెనగ, పండించే ఒకామె, నడివయసు దాటిన రైతు, ఇంటికి పెద్దదిక్కు, వచ్చినవాళ్లను తన చేలో తిప్పి, పంట పోయిన ఏడు ఇల్లు ఎట్లా గడిచిందో తానే చెప్పడానికి ఒప్పుకుంది. రెండు దేశాల పిల్లలనూ ఇళ్లలో ఉంచుకోవడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లను ఒప్పించింది కూడా ఆమే. మన వైపు నుంచి వెళ్లాల్సిన విద్యార్థులు పాస్‌పోర్టులకు దరఖాస్తు పెట్టుకున్నారు. వాళ్ల ఇళ్లలో అంతకు ముందు ఎవరికీ పాస్‌పోర్టు లేదు.

ఆ ఏడు విత్తనం వేసే వేళకు వాన పడింది. తర్వాత పడలేదు. శెనక్కాయ చెట్లు పూత పూసి, ఊడలు నేలలోకి దిగే సమయానికి నేల రాయిలా బిగుసుకుంది. ప్రొఫెసర్‌గారు రావడానికి ముందురోజు ఏర్పాట్లు చూడటానికి మేడమ్‌తో కలిసి పల్లెకు వెళ్లాను. చేనంతా పొగాకు ఆరబెట్టినట్టు ఉంది. ఆ రైతు ఒక చెట్టు పీకి చూపించింది. వేళ్లకు కాయ లేదు.

“దీన్నే చూపించల్లనా?” అన్నాను మేడమ్‌తో, వెనక్కి వచ్చేటప్పుడు.

“ఇదే గదా సార్ మనం రాసింది?”

“రాసేది వేరేమ్మా. ఇంటికొచ్చిన మనిషికి…”

“ఆమె చుట్టపుచూపుకు రావడంలే సార్” అంది.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. తప్పు తగ్గించుకోవడానికి కాదు, అది ఎక్కడ నుంచి వచ్చిందో తెలియడానికి. గుత్తిలో మా నాయనకు గింజల కొట్టు ఉండేది. కరువు ఏడు సరుకు రాదు. కాని కొట్టు ముందర ఖాళీ గోతం కనబడకూడదు. నాయన గోతాల నిండా శెనక్కాయ పొట్టు కూరి, పైన రెండు వేళ్ల మందం గింజలు పరిచేవాడు. ఆ గోతాల్లోంచి ఎవరికీ అమ్మేవాడు కాదు. అవి చూడటానికే. “కొట్టు ఖాళీగా కనపడితే ఊరు భయపడ్తాది” అనేవాడు. బజారులో అన్ని కొట్లూ అంతే. కొనేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. ఏ ఒక్కరూ గోతంలోకి చెయ్యి దించి చూసేవారు కాదు. అది మర్యాద. దాన్ని మోసం అన్నవాణ్ని నేను చూడలేదు. మా వాళ్లకు లేమి కంటే లేమి కనబడటం పెద్ద కష్టం.

నేను ఆ బజారులో పెరిగాను. చదువు వేరే బట్టలు తొడిగింది, అంతే.

మర్నాడు ఉదయం మేడమ్ విద్యార్థులను వెంటబెట్టుకుని మొదటి బస్సుకే పల్లెకు పోయింది. ప్రొఫెసర్‌గారిని కారులో తీసుకురావడం నా పని. ఊరు దాటే కూడలిలో డ్రైవర్ బండి నెమ్మది చేశాడు.

“బెళుగుప్పకు ఇట్ల తిరగల్ల గదా సార్?”

“వద్దన్నా. గార్లదిన్నెకు పోనీ.”

“మేడమ్ నిన్న బెళుగుప్ప అని చెప్పింది సార్.”

“నేను చెప్తాండా గదా, పోనీ.”

అప్పటికప్పుడు తోచి అట్లా అన్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. పొద్దున్నే గార్లదిన్నెలో ఉన్న మా చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేసి, తోటకు ఒక పెద్ద మేడమ్‌ను తీసుకొస్తున్నానని, భోజనం అక్కడేనని చెప్పి ఉంచాను. కూడలికి రాకముందే కారు తిరిగిపోయింది.

అతనిది కాలువ నీళ్ల కింద చీనీ తోట. బత్తాయిని మేము చీనీ అంటాం. వరసలు వరసలుగా చెట్లు, మొదళ్ల చుట్టూ నల్లటి డ్రిప్పు పైపులు, కింద చల్లటి నీడ. ప్రొఫెసర్‌గారు దిగి మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపి చూశారు.

“ఇది ఎవరి నీళ్లు?”

“కాలువవి.”

“మన పిల్లలు ఉండబోయేది ఈ రైతుల ఇళ్లలోనేనా?”

“ఇలాంటివాళ్ల ఇళ్లలోనే” అన్నాను.

ఆవిడ తల ఊపారు. ఇంకేమీ అడగలేదు. అడగవలసింది అడిగి ఆగే మనిషి. నా జవాబుతో ఏం తేల్చేశానో అప్పుడు నాకు తెలియలేదు.

భోజనానికి చిత్రాన్నం, ఓళిగలు అనే బొబ్బట్లు. మావాడు నెయ్యి గిన్నె పట్టుకుని నా పక్కకు వంగాడు.

“ఏమప్పా, ఆ మేడమ్‌కి ఇంగొంచెం వెయ్యల్లనా, చాలంటాదా? నీకు ఇంగ్లీషొస్తాది గదా, అడుగు.”

“ఎయ్యి, ఎయ్యి.”

“ఇంతకీ ఏం పనిమీద వచ్చిందప్పా ఈమె?”

“మన కరువు చూసేకి.”

మావాడు పెద్దగా నవ్వాడు. “దానికి నా తోటకి పిల్చుకొచ్చినావా? బాగుండాది నీ వరస!”

నేనూ నవ్వాను. అప్పుడే మేడమ్ ఫోన్.

“యాడుండారు సార్? ఈడ అందరూ వచ్చి కూర్చోనుండారు. కూలికి గూడా పోలేదు.”

“దారిలో ఉండామమ్మా. కొంచెం ఆలస్యమైతాది.”

మళ్లీ చేసింది. ఈసారి, ప్రొఫెసర్‌గారికి ఎండ తగిలినట్టుందని, గెస్ట్ హౌస్‌కు తీసుకుపోతున్నానని చెప్పాను. చెబుతున్నంత సేపూ ఆవిడ నా ఎదురుగానే నిలబడి చీనీకాయ తొక్క తీస్తున్నారు.

“ఫోన్‌లో మీ సహోద్యోగేనా? ఆమె ఎందుకు రాలేదు?”

“పరీక్షల పని పడింది.”

ఆ పగలు పల్లెలో ఏం జరిగిందో తర్వాత ఒక విద్యార్థి చెప్పాడు. రైతు ఇంటి ముందర చాపలు పరిచారు. సంగటి, ఊరిబిండి పచ్చడి చేసి పెట్టారు. ఎండ అరుగు దిగి ఇంటి వెనక్కి పోయేదాకా కూర్చున్నారు. చివరికి ఆ రైతే లేచి, “ఆయమ్మ మన ఎండిన చేను చూసేకి సముద్రం దాటి వచ్చినాది. మీ సారుకి అనంతపురం దాటేకి కాలేదా?” అందట. అందరూ నవ్వారట. మేడమ్ నవ్వలేదట.

మరుసటి ఉదయం ప్రొఫెసర్‌గారు బెంగళూరు విమానాశ్రయానికి బయలుదేరాలి. మేడమ్ ఆ గంటలో పాఠం చెబుతోంది. ఆ వేళకు బయలుదేరేటట్టు పెట్టింది నేనే. గెస్ట్ హౌస్ ముందర, సామాను కారులో పెడుతుండగా ఆవిడ మాట్లాడారు.

“మీ ఆతిథ్యం మరిచిపోలేను. కాని ఒక మాట చెప్పాలి. మీకు నీళ్లున్నాయి, తోటలున్నాయి. మా పిల్లలు ఇక్కడికొస్తే చూసేవాళ్లవుతారు, మీరు చూపించేవాళ్లవుతారు. మీ పిల్లలు మా దగ్గరికి వస్తే జాలిపడతారు. మీ సహోద్యోగి రాసింది చదివి మా లాంటి చోటు దొరికిందనుకున్నాను. ఈ ఒప్పందం మీద నేను సంతకం పెట్టలేను.”

కారు డిక్కీ ఇంకా తెరిచే ఉంది. బెళుగుప్ప పోయి రావడానికి వ్యవధి ఉంది. “మీకు చూపించింది మా చోటు కాదు” అంటే చాలు. నేను, “ప్రయాణం జాగ్రత్త” అన్నాను.

నిధి ఎట్లా ఖర్చయిందో, ఏం సాధించామో కమిటీకి చెప్పుకోవాలి. అక్కడ నేను ఒకే వాక్యం చెప్పాను. గ్రామంలో ఏర్పాట్లు సమయానికి పూర్తి కాలేదు అని. అంతే. ఎవరి ఏర్పాట్లు అని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు. గ్రామంలో పని ఎవరిదో అందరికీ తెలుసు.

కొన్నాళ్లకు ప్రొఫెసర్‌గారు మేడమ్‌కే ఫోన్ చేశారు, పలకరింపుగా. మాటల్లో తోట సంగతి వచ్చింది. ఎండ దెబ్బ సంగతి ఆవిడకు తెలియనే తెలియదు. మేడమ్ జరిగింది విప్పి చెప్పింది. ఆవిడ చాలా బాధపడ్డారట. కాని అప్పటికి తమ వైపు నిధిని వేరే దేశంలోని మరొక మెట్ట ప్రాంతానికి ఇస్తామని మాట ఇచ్చేశారు.

మేడమ్ నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

“గార్లదిన్నెకు పోయినారంట సార్.”

“దారిలో కొంచెం సేపు ఆగినాం.”

“దారి అట్ల లేదు గద సార్.”

నేను బల్ల మీది పేపర్లు సర్దుకున్నాను. ఆమె వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఆ నెలలోనే ఆమె కాంట్రాక్టు పొడిగింపు నా సంతకానికి రావాలి. ఆమె నోరు నేను మూయించలేదు. మూసుకోక తప్పని చోట నేను కూర్చుని ఉన్నాను.

ఆ తర్వాత ఆమె అదే నిధికి మళ్లీ దరఖాస్తు పెట్టింది, వేరే దేశంతో. ఒకసారి ఆ కమిటీలో నేనూ సభ్యుణ్ని. “బెళుగుప్ప సంగతి చూసినాం గదమ్మా, ముందు చిన్న చిన్నవి చేసి చూపించు” అన్నారు ఎవరో, ఆప్యాయంగానే. ఆమె నా వైపు చూడలేదు. నేను మంచినీళ్లు తాగాను.

ఈ ఏడు నిధి గురించి కొత్త అధ్యాపకులకు వివరించమని నన్ను పిలిచారు. ఏం రాయాలి, అవతలివాళ్లతో ఎట్లా మాట్లాడాలి అని చెబుతుంటే ఒక కుర్ర లెక్చరర్ లేచాడు. మర్యాదస్తుడు.

“సార్, మన పల్లెలోళ్ళను నమ్ముకుంటే కష్టమంట గదా? అప్పుడు మీ ప్రాజెక్టు గూడా అట్లే పోయిందంటాండారు.”

వెనక వరసలో మేడమ్ కూర్చుని ఉంది. తల వంచుకుని ఫోన్ చూసుకుంటోంది. ఆ మాట విని తల కూడా ఎత్తలేదు. అంతగా అలవాటైపోయింది ఆమెకు. నన్ను కదిలించింది అదే. ధైర్యం కాదు.

అక్కడే చెప్పాను. తోట, ఫోన్‌లో చెప్పిన మాటలు, కమిటీలో చెప్పిన వాక్యం. హాలులో ఎవరో దగ్గారు. కార్యక్రమం నడిపే ఆయన, టీ చల్లారిపోతుందని అందరినీ లేపాడు. తర్వాత కమిటీవాళ్లకు కూడా విడిగా చెప్పాను. విన్నారు. పాత విషయం కదా అన్నారు.

మెట్ల దగ్గర మేడమ్ కోసం ఆగాను.

“ఇప్పుడెందుకు చెప్పినారు సార్?”

“ఇంక చెప్పకుండా ఉండేకి కాలేదమ్మా.”

“అది మీ బాధ. నాకేమొచ్చింది దాంట్లో?”

“నువ్వు మళ్ళా పెట్టుకుంటాండావని తెలిసింది. నేను గట్టిగా రాసిస్తా. కమిటీలో…”

“వద్దు సార్. నా దరఖాస్తులో మీ పేరు యాడా ఉండగూడదు. పైనా వద్దు, కిందా వద్దు.” రెండు మెట్లు దిగి ఆగింది. “చెయ్యల్లనుంటే ఒగటి చేయండి. ఆ పల్లెకి పోయి ఆమెకు చెప్పండి. ఇన్నేండ్లూ తప్పు ఆ ఊరోళ్ళ మీద గూడా పెట్టినాం గదా.”

ఆ ఆదివారం బస్సెక్కి పోయాను. ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. బెళుగుప్ప దాటాక దారికి రెండు వైపులా శెనక్కాయ చేలు కళకళలాడుతున్నాయి. ఆమె మరో నలుగురు ఆడవాళ్లతో కలుపు తీస్తోంది. నేనెవరో చెప్పగానే నడుం ఎత్తి నిలబడి, చెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని చూసింది.

“ఓ… రాని సారా!”

ఆడవాళ్లు కొడవళ్లు ఆపి నవ్వారు. ఆ ఊళ్లో నాకు ఆ పేరుందని తెలిసింది.

గట్టు మీద నిలబడి చెప్పాను. ఆమె అడ్డం రాకుండా విన్నది. నేను అనుకున్నంత పెద్ద విషయంగా ఆమెకు తోచినట్టు లేదు. పెద్దవాళ్లు వస్తామని రాకపోవడం ఆ ఊరికి కొత్త కాదు.

“మా చేను చూపించేకి నీకు సిగ్గయిందా సామీ?”

“అయింది.”

“చేను మాది. సిగ్గు నీకెందుకు?”

ఆమె చేతిలోని కలుపు గట్టు మీదికి విసిరింది.

“మళ్ళా ఎవురన్నా వస్తారా?”

“మేడమ్ మళ్ళా అడుగుతాంది. ఇస్తారో లేదో తెలీదు.”

“వస్తే పంట పోయిన యేడు రమ్మను. ఇప్పుడేముండాది ఈడ చూసేకి, అంతా పచ్చగుండాది” అంది. మళ్లీ అందరూ నవ్వారు.

సెలవు తీసుకుని గట్టు దిగుతుంటే వెనక నుంచి పిలిచింది.

“సామీ, ఆ పొద్దు మేడమ్మతో వచ్చిన పిల్లోళ్ళు ఏమైనారు? ఒగ పాప మా ఇంట్లోనే ఉంటానని బట్టల సంచి గూడా తెచ్చుకోనుండె. ఆ దేశం పోతాండానని ఒగటే చెప్పె. పోయినాదా యాడికన్నా?”

ఆ బ్యాచ్ ఎప్పుడో చదువు ముగించి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి ఎవరో నాకు గుర్తు రాలేదు. ఎక్కడుందో, ఏం చేస్తుందో నేను ఎన్నడూ కనుక్కోలేదు.

“తెలీదమ్మా” అన్నాను.

ఆమె వంగి కలుపు తీయడంలో పడింది.